విరిగిన స్పార్క్ ప్లగ్గు హెడ్డులోనే ఉండిపోతే

ప్రశ్న: మాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది, ప్లగ్గులు మాత్రం మొదటినుంచీ ఉన్నవే. మార్చుదామని నేనే మొదలుపెట్టాను. ఒకటి, రెండు సిలిండర్ల ప్లగ్గులు బాగానే వచ్చాయి. మూడోది కదలకపోతే రాచెట్‌కి పైపు తొడిగి తిప్పాను. టక్కుమని విరిగింది. ఆరు పలకల తల, పింగాణీ పైముక్క సాకెట్‌తో పాటు వచ్చేశాయి. మర ఉన్న భాగం హెడ్డులోనే (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) ఉండిపోయింది. నాలుగోదాన్ని ఇంకా ముట్టుకోలేదు. స్టార్టర్ తిప్పితే కంప్రెషన్‌కి, అంటే పిస్టన్ నొక్కిన గాలి ఒత్తిడికి, అదే ఎగిరి బయటపడుతుందని ఒకరు, మూడు సిలిండర్ల మీద మెల్లగా వర్క్‌షాపు దాకా నడిపేయమని ఒకరు, హెడ్డు విప్పక తప్పదని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదటి రెండు సలహాలూ వినకండి. మూడోది చివరి మాట, అక్కడిదాకా వస్తే చూద్దాం. ముందు బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఎవరో తెలియక ఒక్కసారి స్టార్టర్ తిప్పినా ఇప్పుడు చిన్నగా ఉన్న పని ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది.

కంప్రెషన్ ప్లగ్గును తోసేస్తుందన్న మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడండి. మర వ్యాసం 14 మి.మీ. అయితే ప్లగ్గు అడుగు వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. స్టార్టర్‌తో తిప్పినప్పుడు సిలిండర్‌లో 12 బార్ ఒత్తిడి పుట్టిందనుకుంటే మొత్తం తోపుడు 18, 19 కిలోల బరువుకు సమానం. పైపు తొడిగి తిప్పినా కదలని మరను అది పైకి పీకదు. పైగా పింగాణీ విరిగాక గాలికి మధ్యలోంచే దారి దొరుకుతుంది. అసలు ప్రమాదం పిస్టన్ కిందికి దిగేటప్పుడు. అప్పుడు సిలిండర్ లోపలికి పీలుస్తుంది, వదులైన పింగాణీ ముక్కలు దాంతో పాటు కిందికి పోతాయి. ఆ పింగాణీ అల్యూమినా అనే పదార్థం, పిస్టన్ కదిలే బోరు గోడ ఇనుముకంటే చాలా గట్టిది. సగం బియ్యపుగింజంత ముక్క చాలు, పిస్టన్‌కీ గోడకీ మధ్య చిక్కుకుని నిలువునా గీతలు పెట్టడానికి. వాల్వు సీటు మీద పడితే వాల్వు సరిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది.

మూడు సిలిండర్ల మీద నడపడమూ అంతే చెడ్డది. మూడో సిలిండర్‌లో ఇంజెక్టర్ పెట్రోల్ చల్లుతూనే ఉంటుంది. అది మండదు. కొంత ఆవిరై విరిగిన ప్లగ్గు కన్నంలోంచి వేడి ఇంజిన్ మీదికి వస్తుంది, అంటే నిప్పు అంటుకునే ప్రమాదం. మిగతాది సైలెన్సర్ దారిలో పోయి పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. వర్క్‌షాపుకే పంపాలనుకుంటే కారును ఎక్కించి పంపండి, నడిపి కాదు.

పని మీరే చేయాలనుకుంటే ముందు ప్లగ్గు లోపల ఎలా ఉంటుందో తెలియాలి. బయటి ఇనుప తొడుగు ఒక భాగం. దానికి పైన ఆరు పలకలు, మధ్యలో వాషర్ ఆనే గట్టు, కింద మర ఉంటాయి. దాని లోపల పింగాణీ గొట్టం, ఆ గొట్టం మధ్యలో ఎలక్ట్రోడ్. పింగాణీ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని భుజం తొడుగు లోపల ఉన్న చిన్న మెట్టు మీద కూర్చుంటుంది. అందుకే పింగాణీ మొత్తంగా కిందికి జారిపోలేదు, రావాలంటే పైకే రావాలి. ఇది మీకు అనుకూలమైన సంగతి. జారిపోయేవి పగిలిన పెచ్చులు మాత్రమే. కాబట్టి మీ జాగ్రత్తంతా రెండిటి మీద ఉండాలి: లోపల మిగిలిన పింగాణీని ఇంకా పగలనివ్వకూడదు, హెడ్డులోని అల్యూమినియం మరను చెడనివ్వకూడదు. ఎటూ పారేసే ప్లగ్గు తొడుగు ఏమైనా ఫర్వాలేదు.

ఇప్పుడు మంచి టార్చి వేసి, వీలైతే సన్నని బోరోస్కోప్ కెమెరా దింపి, ఎక్కడ విరిగిందో చూడండి. ఆరు పలకలకీ వాషర్ గట్టుకీ మధ్య తొడుగులో ఒక పలచని గాడి ఉంటుంది. ఎక్కువ ప్లగ్గులు అక్కడే తెగుతాయి. అక్కడ తెగితే గట్టు, వాషర్ ఇంకా హెడ్డును నొక్కిపట్టే ఉంటాయి, మర మీద బిగుతు అలాగే ఉంటుంది. గట్టు కింద, మర మొదట్లో తెగి ఉంటే మీ అదృష్టం. మరను లాగిపట్టిన బలం అక్కడితో పోయింది. ఇక పట్టుకుని ఉన్నది మసి, తుప్పు, మర పళ్ల రాపిడి మాత్రమే. నూనె కూడా నేరుగా మరలోకి దిగుతుంది.

ప్లగ్గు ఉండే బావిని శుభ్రం చేయడం తర్వాతి పని. మామూలుగా ప్లగ్గు విప్పే ముందు కంప్రెసర్ గాలితో ఊదమని చెబుతాం. మీ పరిస్థితిలో గాలి వద్దు. మధ్యలో కన్నం తెరుచుకుని ఉంటే ఊదిన దుమ్మూ పెచ్చులూ సిలిండర్‌లోకే పోతాయి. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి 6 నుంచి 8 మి.మీ. లావున్న ప్లాస్టిక్ ట్యూబు పెట్టి, చుట్టూ టేపు వేసి గాలి పోకుండా మూయండి. ఆ ట్యూబును బావి అడుగు దాకా దించి, అంచు చుట్టూ తిప్పుతూ పీల్చండి. బావిలో పెట్రోల్ వాసన ఉంటే మాత్రం వాక్యూమ్ వాడకండి, దాని మోటారు నిప్పురవ్వకే ఆవిరి అంటుకుంటుంది. వాసన పూర్తిగా పోయేదాకా బానెట్ తెరిచి ఆగండి. కళ్లద్దాలు పెట్టుకోవడం మరవొద్దు. ఖాళీగా ఉన్న ఒకటి, రెండు సిలిండర్ల కన్నాలకు శుభ్రమైన గుడ్డ గట్టిగా కుక్కండి. చివర బయటికి వేలాడుతూ ఉండాలి, లేకపోతే గుడ్డే లోపలికి పోతుంది.

తర్వాత మూడో పిస్టన్‌ను పైకి తేవాలి, రెండు వాల్వులూ మూసి ఉండే స్థితిలో. ఏ పెచ్చు పడినా పిస్టన్ తల మీదే, వాక్యూమ్ ట్యూబుకు అందేంత దూరంలో పడుతుంది, వాల్వు కిందికి పోదు. దీనికి మీకు మంచి ఆధారం ఉంది. మామూలు నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో రెండో పిస్టన్, మూడో పిస్టన్ ఎప్పుడూ ఒకే ఎత్తులో కదులుతాయి. రెండో ప్లగ్గు ఎలాగూ బయటే ఉంది. దాని కన్నంలో గుడ్డ తీసి పొడుగాటి సన్నని చెక్కపుల్ల నిలబెట్టండి. లోపలికి పడిపోనంత పొడుగు ఉండాలి, ఇనుప చువ్వ వద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, పిస్టన్లను కదిపే క్రాంక్ చివర ఉన్న పుల్లీ బోల్టును పానాతో ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. పుల్ల పైకి లేచి ఆగిన చోటే మూడో పిస్టన్ కూడా పైన ఉన్నట్టు.

అయితే అది కంప్రెషన్ పైకి రావడమో, పొగ తోయడానికి రావడమో తేల్చుకోవాలి. పిస్టన్ పైకి వస్తుండగా రెండో కన్నం మీద వేలు ఉంచండి. గాలి వేలిని గట్టిగా తోస్తే కంప్రెషన్ రెండోదానిది. అప్పుడు మూడోదానిలో పొగ వాల్వు తెరిచి ఉంటుంది, క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. వేలిని ఏదీ తోయకుండానే పుల్ల పైకి వస్తే మీకు కావలసింది అదే. ఇంజిన్ పేలే వరుస 1-3-4-2 అయినా 1-2-4-3 అయినా రెండూ మూడూ సరిగ్గా ఒక చుట్టు తేడాతోనే ఉంటాయి, కాబట్టి ఈ పద్ధతి రెండిటికీ సరిపోతుంది. వీలైనంత వరకు క్రాంక్ తిప్పడం ఈ ఒక్కసారితో సరిపెట్టండి.

లోపల మిగిలిన పింగాణీ సంగతి. పొడుగు ముక్కు ప్లయర్‌తో దాని కొసను గానీ ఎలక్ట్రోడ్ కడ్డీని గానీ పట్టుకుని అటూ ఇటూ చాలా కొద్దిగా ఆడిస్తూ పైకి లాగండి. పైబిగింపు తలతో పాటు పోయింది కాబట్టి చాలాసార్లు సులువుగానే వస్తుంది. మసి పట్టి ఉంటే కార్బ్యురేటర్ క్లీనర్ రెండు మూడు చుక్కలు వేసి అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. అది పగలకుండా వస్తే సగం పని అయినట్టే. ఏం చేసినా రాకపోతే దాన్ని పగలగొట్టక తప్పదు, ఎందుకంటే అది ఉన్నంతసేపూ ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన మరను లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) దిగదు. అలాంటప్పుడు క్లీనర్ వాసన పూర్తిగా పోయాక, ఇంకొకరు వాక్యూమ్ ట్యూబు పట్టుకుని ఉండగా, సన్నని పంచ్ కడ్డీతో పైనుంచి కొంచెం కొంచెంగా పెచ్చులూడదీయండి. ఒక్క దెబ్బతో కిందికి కొట్టకండి. పింగాణీ అయస్కాంతానికి అంటదు. ట్యూబుకు అందని పెచ్చును చువ్వ కొసకు చిక్కని గ్రీజు పెట్టి అంటించుకుని పైకి తీయాలి.

ఇక నూనె. బిగుసుకున్న మర సందుల్లోకి పాకే పెనిట్రేటింగ్ ఆయిల్ డబ్బాకు పొడుగు గొట్టం పెట్టి మరకీ హెడ్డుకీ మధ్య సందు చుట్టూ వేయండి, కన్నం మధ్యలో కాదు. ఒక్కసారికి ఐదారు చుక్కలు చాలు. రెండు గంటలకోసారి వేస్తూ, ఒక రాత్రంతా వదిలేయండి. ఎక్కువ పోస్తే త్వరగా పని చేస్తుందనుకోవడం పొరపాటు. మిగిలింది సిలిండర్‌లోకి కారుతుంది, అక్కడ ద్రవం నిలిచి ఉండగా ఇంజిన్ తిప్పితే అది నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వాషర్ గట్టు ఇంకా ఉన్నట్టయితే నూనె దాన్ని దాటి దిగడం కష్టం. ఎక్స్‌ట్రాక్టర్‌తో పావు చుట్టులో సగం కదిలాకే అది మరలోకి పోతుంది. అందుకే కదిలిన వెంటనే సంబరంగా తిప్పేయకుండా అక్కడ ఆగి మళ్లీ నూనె వేయాలి.

వేడి మీద రెండు రకాల మాటలు వింటారు. రెండిటిలోనూ నిజం ఉంది. అల్యూమినియం ఉక్కుకంటే రెండింతలు వ్యాకోచిస్తుంది. హెడ్డు 60 డిగ్రీలు వేడెక్కితే 14 మి.మీ. మర దగ్గర వచ్చే తేడా మిల్లీమీటరులో సుమారు వందో వంతు. వినడానికి చిన్నదే గానీ, నూనె పాకడానికి ఆ సందు చాలు. మరోపక్క, బాగా వేడెక్కిన అల్యూమినియం మెత్తబడి మర పళ్లు ఉక్కుకు అంటుకుని ఊడొస్తాయి. ప్లగ్గులు ఇంజిన్ చల్లారాకే విప్పాలని తయారీదారులు చెప్పేది ఇందుకే. మొండికేసిన ప్లగ్గుకు గోరువెచ్చని హెడ్డు మంచిది, చేయి పెట్టి ఉంచగలిగినంత వేడి, అంతకు మించొద్దు. మీరు ఇంజిన్ నడిపి వేడి చేయలేరు కాబట్టి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ లాంటి దానితో హెడ్డు లోహాన్ని పది నిమిషాలు వెచ్చబెట్టవచ్చు. అది కూడా నూనె తుడిచేసి, పెట్రోల్ వాసన ఏమాత్రం లేనప్పుడే. గ్యాస్ మంట మాత్రం దగ్గరికే రానివ్వకండి.

ఎక్స్‌ట్రాక్టర్ ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మెలి తిరిగిన మేకులా ఉండే రకం మామూలు బోల్టులకు పనికొస్తుంది. పింగాణీ తీసేశాక ప్లగ్గు తొడుగు బోలు గొట్టం, మర అడుగున దాని గోడ మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మెలి రకం తిప్పేకొద్దీ లోపలికి దిగుతూ ఆ గోడను బయటికి వెడల్పు చేస్తుంది, మర ఇంకా గట్టిగా అల్యూమినియంలో దిగబడుతుంది. మీకు కావలసింది నాలుగు పలకలతో కొద్దిగా కిందికి సన్నబడే నిలువు అంచుల రకం. తొడుగు లోపలి వ్యాసం కొలిచి దానికి సరిపడేది తీసుకోండి. కొలత కోసం బయటికొచ్చిన ఒకటో ప్లగ్గు పింగాణీని పగలగొట్టి చూసుకోవచ్చు, అది ఎలాగూ పారేసేదే. దాని మర పొడవు కూడా కొలవండి. ఎక్కువగా 19 మి.మీ. గానీ 26.5 మి.మీ. గానీ ఉంటుంది. ఎక్స్‌ట్రాక్టర్ మీద ఆ లోతుకు టేపు చుట్టండి. పిస్టన్ పైనే ఉంది కాబట్టి, టేపు తొడుగు పైఅంచును దాటి దిగితే కొన పిస్టన్‌కు తగులుతుంది.

చిన్న సుత్తితో రెండు మూడు తేలిక దెబ్బలు చాలు, పలకలు గోడను పట్టుకుంటాయి. ఆపైన టీ ఆకారపు పిడి తగిలించి, రెండు చేతులతో రెండు వైపులా సమానంగా బలం పెట్టి ఎడమవైపు తిప్పండి. రాచెట్‌తో ఒకపక్క నుంచి లాగితే కడ్డీ వాలుతుంది. గట్టిపరిచిన ఆ ఉక్కు వాలితే వంగదు, విరుగుతుంది. విరిగిన ఎక్స్‌ట్రాక్టర్‌ను మామూలు డ్రిల్లు కొరకలేదు. అప్పుడు హెడ్డు విప్పి మెషిన్ షాపుకు ఇవ్వడం తప్ప దారి ఉండదు. అందుకే ఇక్కడ పైపు తొడగడం పూర్తిగా నిషేధం. పిడి తిరుగుతున్నట్టు అనిపించి వదలగానే వెనక్కి వచ్చేస్తుంటే మర కదలడం లేదు, కడ్డీ మెలిపడుతోంది. ఆపేయండి. కొద్దిగా కుడివైపు, అంటే బిగించే దిశలో తిప్పి చూడండి. అంటుకున్న మసి పగలడానికి ఒక్కోసారి అదే దారి. మళ్లీ నూనె, మళ్లీ రెండు గంటలు.

కదలడం మొదలయ్యాక లయ ఇది: పావు చుట్టు ఎడమకు, అందులో సగం వెనక్కి, మళ్లీ పావు చుట్టు. కిర్రుమంటే అల్యూమినియం చిరుగుతోందని అర్థం, ఆగి నూనె వేయాలి. మొత్తం బయటికి రావడానికి 19 మి.మీ. మర అయితే పదిహేను చుట్లు పడుతుంది, ఎందుకంటే 14 మి.మీ. ప్లగ్గు మర చుట్టుకు 1.25 మి.మీ. మాత్రమే లేస్తుంది. గంట పట్టినా ఫర్వాలేదు. సిలిండర్ వైపు ఉన్న చివరి మరల మీద మసి గట్టిగా పేరుకుని ఉంటుంది, కాబట్టి సగం వచ్చాక మళ్లీ బిగుసుకోవడం మామూలే. మసి పట్టు ఎంత గట్టిదో చెప్పడానికి 2004 నుంచి 2008 వరకు వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల త్రీ వాల్వ్ వి8 ఇంజిన్ ఉదాహరణ చాలు. దాని ప్లగ్గు కింద పొడవైన తొడుగు మసికి అంటుకుని, విప్పబోతే రెండు ముక్కలై అడుగు భాగం హెడ్డులోనే ఉండిపోయేది. దాన్ని తీయడానికి ప్రత్యేక పనిముట్లే తయారయ్యాయి.

తొడుగు బయటికి రాగానే తెల్లగుడ్డ మీద అన్ని ముక్కలూ పేర్చండి: తల, పింగాణీ పైముక్క, కింది ముక్క, మధ్య ఎలక్ట్రోడ్, మర తొడుగు, దాని అడుగున వంకీలా ఉండే నేల ఎలక్ట్రోడ్, వాషర్. పక్కన రెండో సిలిండర్ ప్లగ్గు పెట్టి పోల్చండి. పింగాణీని జిగ్‌సా బొమ్మలా అతికించి చూడండి. ఏ పెచ్చు లెక్కకు రాలేదో అది లోపల ఉన్నట్టే అనుకోవాలి. కెమెరాతో పిస్టన్ తల, వాల్వుల అంచులు, పిస్టన్ చుట్టూ ఉన్న సందు చూడండి. ఇనుప ముక్కకు అయస్కాంతపు చువ్వ, పింగాణీకి గ్రీజు, పొడికి వాక్యూమ్. పొడి తడిగా అంటుకుని ఉంటే ఆరాకే పీల్చండి. లెక్క కుదిరేదాకా క్రాంక్ కదపొద్దు.

ఎక్స్‌ట్రాక్టర్ గోడను పట్టకుండా గిర్రున తిరిగిపోతుంటే ఒక సైజు పెద్దది ఒక్కసారి ప్రయత్నించండి. అదీ జారితే అక్కడితో మీ వంతు పూర్తయింది. తొడుగును లోపలి నుంచి రెండు వైపులా రంపపు బ్లేడుతో చీల్చి లోపలికి ముడిచి తీసే పద్ధతి ఉంది. పది సెంటీమీటర్ల లోతు బావిలో, బ్లేడు మర పళ్లను తాకుతోందో లేదో కనిపించకుండా అది చేయకూడదు. హెడ్డు బల్ల మీద ఉంటే అనుభవజ్ఞులు అరగంటలో చేస్తారు. హెడ్డు విప్పడమంటే కొత్త హెడ్ గాస్కెట్, చాలా ఇంజిన్లలో కొత్త హెడ్ బోల్టులు, వాల్వుల టైమింగ్ మళ్లీ కూర్చడం. ఖర్చు, సమయం ఎక్కువే. అయినా పాడైన బోరు కంటే అది తక్కువే.

తొడుగు వచ్చిందనుకుందాం. హెడ్డు మరను చూడండి. పళ్లు మసితో నల్లగా ఉన్నా ఆకారం బాగుంటే కొత్త మర కోసే మామూలు ట్యాప్ పెట్టకండి, అది లోహాన్ని కోస్తుంది. మరను శుభ్రం చేయడానికే చేసిన చేజర్ వాడండి. గాళ్ల నిండా గ్రీజు కూరి, చేత్తో మొదలుపెట్టి, ప్రతి రెండు చుట్లకూ బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టండి. దీనికి ముందు లోపల పూర్తిగా శుభ్రమైందని తేల్చుకుని, క్రాంక్‌ను పావు చుట్టు ముందుకు తిప్పి పిస్టన్‌ను కొంచెం దించండి, చేజర్ కొన తగలకుండా. ఆ స్థితిలో వాల్వులు ఇంకా మూసే ఉంటాయి. తొడుగుతో పాటు అల్యూమినియం మర తీగలా చుట్టుకుని వచ్చేసి ఉంటే ఆ కన్నంలో కొత్త ప్లగ్గు బిగించే ఆలోచనే వద్దు. కొంచెం పట్టినట్టే ఉంటుంది, నడుస్తుండగా ఊడి పైకి తన్నుతుంది, ప్లగ్గు మీద కూర్చుని దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌ను పగలగొడుతుంది. మర మార్చే బుష్ వేయించాలి. తీగ చుట్టలా ఉండే రకంకంటే గట్టి గొట్టంలా ఉండే బుష్ ప్లగ్గుకు మేలు. వేడిని బాగా దాటిస్తుంది, తర్వాతెప్పుడో ప్లగ్గు విప్పినప్పుడు దాంతో పాటు ఊడి రాదు. కన్నాన్ని నిటారుగా కోయడం ముఖ్యం కాబట్టి ఆ పనిముట్లు, అలవాటు ఉన్నవారి చేతనే చేయించండి.

మూడోదాని పని పూర్తయ్యాకే నాలుగో ప్లగ్గు జోలికి వెళ్లండి. అదీ అదే వయసుది, అదే తీరుగా ఉండొచ్చు. దాని బావిలో మాత్రం ముందు గాలి ఊదవచ్చు, ప్లగ్గు మూసే ఉంది కాబట్టి. ఆరు పలకల సాకెట్టే వాడండి, పన్నెండు పలకలది మూలలను అరగదీస్తుంది. ప్లగ్గు తలే పన్నెండు పలకలదైతే మాత్రం దానికి తగినదే కావాలి. సాకెట్‌కీ రాచెట్‌కీ మధ్య కడ్డీ నిటారుగా ఉండాలి. వంపు జాయింట్ పెడితే బలం పక్కకు పడి పింగాణీ పగులుతుంది. ఇంపాక్ట్ గన్ వద్దు. కదిలీ కదలగానే, పావు చుట్టులో సగం దగ్గర ఆపి నూనె వేసి, కొద్దిగా బిగించి, గంట ఆగి మళ్లీ విప్పండి. మూడోదానితో ఇదే జరిగి ఉంటే అది చాలావరకు విరిగేది కాదు.

మూడోదే ఎందుకు విరిగిందో తెలుసుకుంటే మంచిది. దాని తొడుగు మీద తుప్పు ఉంటే బావిలోకి నీరు దిగింది, ఇంజిన్ మీద నీళ్లు కొట్టి కడిగినప్పుడో, కాయిల్ రబ్బరు మూత చిరిగినందువల్లో. నల్లగా నూనె జిడ్డు ఉంటే వాల్వ్ కవర్‌లో ప్లగ్గు బావి చుట్టూ ఉండే సీళ్లు గట్టిపడ్డాయి. అవి మార్చకపోతే కొత్త కాయిల్ రబ్బరు కూడా ఉబ్బి పాడవుతుంది. మర కింద రెండు మూడు చుట్లు మాత్రమే గట్టి మసితో ఉంటే ఎప్పుడో పొడవు ఎక్కువైన ప్లగ్గు వేసి ఉండొచ్చు. మీవి మొదటినుంచీ ఉన్నవే అంటున్నారు కాబట్టి ఆ అవకాశం తక్కువ. నికెల్ ప్లగ్గులు అంత దూరం ఉంచకూడదు. ఇరీడియం, ప్లాటినం రకాలు లక్ష కిలోమీటర్ల దాకా నిప్పురవ్వ బాగానే ఇస్తాయి గానీ, మర అంటుకోకుండా ఉంటుందన్న హామీ అందులో లేదు.

కొత్త ప్లగ్గు పెట్టేటప్పుడు రాచెట్ వాడకండి. ప్లగ్గు పైకొసకు 20 సెం.మీ. రబ్బరు గొట్టం తొడిగి దాంతో తిప్పండి. మర అడ్డంగా ఎక్కితే రబ్బరు జారుతుంది, లోహం చెడదు. ముందు ఎడమకు ఒక చుట్టు తిప్పితే మర మొదలు దొరికి చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అక్కడ నుంచి కుడికి. వాషర్ ఆనేదాకా వేళ్లతోనే దిగాలి. ఆపైన టార్క్ రెంచి. మీ కారు మాన్యువల్‌లోని అంకే ప్రమాణం. అది అందకపోతే, అల్యూమినియం హెడ్డులో వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. ప్లగ్గుకు 15 నుంచి 20, 10 మి.మీ. ప్లగ్గుకు 10 నుంచి 12. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే 14 మి.మీ. రకానికి 10 నుంచి 20 చాలు. రెంచి లేకపోతే, కొత్త వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గును వేళ్లతో ఆనించాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఏటవాలు రకానికి చుట్టులో పదహారో వంతు మాత్రమే.

ఇంత కష్టపడ్డాక మరకు అంటుకోకుండా ఉండే యాంటీ సీజ్ పేస్టు పూయాలనిపిస్తుంది. మెరిసే పూత ఉన్న ప్లగ్గుకు అది అక్కర్లేదు, ఆ పూత ఉన్నదే అందుకు. పేస్టు పూసిన మర జారుడుగా ఉంటుంది. రెంచి అదే అంకె చూపిస్తున్నా లోపల మర చాలా ఎక్కువ బిగుస్తుంది, మళ్లీ తొడుగు సాగి తెగే దాకా వస్తుంది. పాత నల్లపూత ప్లగ్గుకు పూయక తప్పదనుకుంటే మర మధ్యలో పలచగా పూసి, టార్క్‌ను సుమారు 30 శాతం తగ్గించండి. కింది కొనకు అస్సలు పూయొద్దు.

బ్యాటరీ కలపక ముందు, నాలుగు ప్లగ్గులూ పెట్టే ముందు, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గీరినట్టు, అడ్డు తగిలినట్టు అనిపిస్తే వెనక్కి తిప్పకుండా ఆగి కెమెరా దించండి. ఏమీ లేకపోతే బ్యాటరీ కలిపి, ఫ్యూయెల్ పంప్ రిలే తీసి, కాయిళ్ల కనెక్టర్లు ఊడదీసి ఉంచి, గేజితో నాలుగింటి కంప్రెషన్ చూడండి. మూడోది మిగతావాటికంటే 10, 15 శాతానికి మించి తక్కువ రాకూడదు. వస్తే వాల్వు సీటు మీద ఏదో ఉంది, స్టార్ట్ చేయకండి. సరిగా ఉంటే ప్లగ్గులు బిగించి, కాయిళ్లు, రిలే పెట్టి స్టార్ట్ చేసి, మూడో బావి దగ్గర చుక్‌చుక్‌మని గాలి వస్తోందేమో వినండి. వస్తే ప్లగ్గు సరిగా కూర్చోలేదు. వెంటనే ఆపి, చల్లారాక విప్పి, వాషర్ కింద పెచ్చు గానీ మసి గానీ చిక్కుకుందేమో చూసి మళ్లీ బిగించండి.